ఒలింపిక్స్ ఆశకూ, మన దౌత్యానికీ, టీవీ వార్తలకూ ఏమిటి సంబంధం?

ప్రశ్న: "సార్, నేను విశాఖలో ఉండి సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. 2036 ఒలింపిక్స్ మన దేశంలో జరపాలని ప్రభుత్వం అడుగుతోంది. ఒకపక్క పాకిస్తాన్ ఆటగాళ్లతో కరచాలనం కూడా లేని పరిస్థితి. ఇంకోపక్క యుద్ధాన్ని సినిమాలా చూపించే ఛానళ్లు. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయని నాకనిపిస్తోంది. నేను లేని సంబంధం కలుపుతున్నానా? మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా?"

మీరు లేని సంబంధం కలపడం లేదు. నేను విశాఖలో చాలా ఏళ్లు టీవీ న్యూస్ డెస్క్‌లో పనిచేశాను. తూర్పు నౌకాదళం వార్తలూ, పీఎం పాలెం స్టేడియం వార్తలూ రెండూ నా టేబుల్ మీదుగానే వెళ్లేవి. ఇప్పుడు జర్నలిజం చదివే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్న వాళ్ల దగ్గర్నుంచి కూడా వస్తుంటుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దౌత్యం, ఆతిథ్యం, వార్త, మూడూ నిలబడేది నమ్మకం మీద. మన విదేశాంగ కార్యదర్శి చెప్పింది అవతలి దేశం నమ్మాలి. వీసాల గురించి మన ప్రభుత్వం రాసిచ్చిన హామీని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నమ్మాలి. యాంకర్ చెప్పింది ఇంట్లో కూర్చున్నవాళ్లు నమ్మాలి. మొదటి రెండు చోట్లా దేశం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న నమ్మకాన్ని మూడో చోట ఒక్క రాత్రిలో ఖర్చు పెట్టేస్తున్నారు. 2025 మే నెలలో జరిగింది అదే.

మన ఊరి నుంచే మొదలుపెడతాను. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. వాళ్లలో విశాఖవాసి ఒకరు. ఆ కుటుంబం కన్నీళ్లు ఈ ఊరు దగ్గర నుంచి చూసింది. కాబట్టి ఇక్కడి జనానికి వచ్చిన కోపం న్యాయమైనది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ జరిగింది. అదే రోజు దేశమంతటా చేసిన సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్‌లో విశాఖ కూడా ఉంది. సైరన్లు మోగాయి. పాఠాల్లో చదువుకున్న 1971 యుద్ధం గురించి ఇళ్లలో పెద్దవాళ్లు మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు.

మే 8 రాత్రి టీవీ పెట్టినవాళ్లకు ఏం కనిపించిందో గుర్తుందా? ఐఎన్ఎస్ విక్రాంత్ కరాచీ రేవుపై దాడి చేసిందన్నారు. రేవు మొత్తం తగలబడిపోతోందన్నారు. ఇస్లామాబాద్ మన చేతిలోకి వచ్చేసిందన్నవాళ్లు కూడా ఉన్నారు. స్టూడియోల్లో సైరన్ మోత, తెర మీద మంటల గ్రాఫిక్స్. ఇవేవీ నిజం కాదు. అప్పుడు తిరిగిన వీడియోల్లో వేరే దేశాల పాత దృశ్యాలు, వీడియో గేమ్ క్లిప్పులు ఉన్నాయని తర్వాత ఫ్యాక్ట్ చెక్ చేసినవాళ్లు తేల్చారు.

వేరే ఊళ్లో అది ఉత్సాహం కలిగించే వార్త కావచ్చు. మన ఊళ్లో అలా కాదు. సింధియా, మల్కాపురం, గాజువాక వైపు ఎన్ని ఇళ్లలో కొడుకో అల్లుడో నేవీలో ఉన్నాడు! ఓడ ఎక్కడుందో ఇంట్లో చెప్పకూడదు, ఫోన్ పనిచేయదు. అలాంటి ఇంట్లో టీవీ "మన యుద్ధనౌక కరాచీ మీద విరుచుకుపడింది" అంటే ఆ తల్లికి ముందుగా వచ్చే ఆలోచన, "అయితే వాళ్లు తిరిగి కొడితే?" అన్నదే. ఆ రాత్రి నాకూ ఫోన్లు వచ్చాయి. నిజమేనా సార్ అని అడిగారు. రక్షణ శాఖ చెప్పేదాకా నమ్మకండి, టీవీ కట్టేసి పడుకోండి అని చెప్పాను. అంతకు మించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

మూడు రోజుల తర్వాత, మే 11న నౌకాదళం ఆపరేషన్ల డైరెక్టర్ జనరల్ మీడియా ముందుకొచ్చి అసలు విషయం చెప్పారు. మన నౌకలు ముందుకు మోహరించి ఉన్నాయి, కరాచీతో సహా ఎంచుకున్న లక్ష్యాలను మనం అనుకున్న సమయంలో కొట్టడానికి సిద్ధంగా ఉన్నాయి అన్నారు. అంటే కొట్టలేదు. కొట్టగలిగి కూడా ఆగింది. ఒక నౌకాదళం గురించి చెప్పుకోవడానికి అదే చాలా పెద్ద మాట. ఆ మాటకు రావలసిన విలువ రాలేదు, ఎందుకంటే అప్పటికే ఛానళ్లు తెర మీద కరాచీని తగలబెట్టేశాయి.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. 1971 డిసెంబరు 4న మన క్షిపణి బోట్లు నిజంగానే కరాచీ మీద దాడి చేశాయి. ఆ రోజునే మనం నేవీ డే జరుపుకుంటాం. అదే సమయంలో మన తీరానికి దగ్గరలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆర్కే బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర ఏటా పుష్పగుచ్ఛాలు ఉంచేది ఆ యుద్ధంలో పోరాడిన మనుషుల కోసం. 2025లో జరగని కరాచీ దాడిని జరిగిందని చెబితే, 1971లో జరిగిన దాడి గురించి చెప్పినప్పుడు కూడా రేపటి పిల్లలు "అదీ టీవీ కథేనా?" అని అడుగుతారు. స్మారకం ఉన్న ఊరివాళ్లుగా మనకు ఇందులో ప్రత్యేకంగా నష్టం ఉంది.

న్యూస్‌రూమ్ లోపల ఇది ఎలా జరుగుతుందో తెలియకపోతే తప్పంతా యాంకర్‌దే అనిపిస్తుంది. ఛానల్లో ఇన్‌పుట్ డెస్క్, అవుట్‌పుట్ డెస్క్ అని రెండుంటాయి. ఇన్‌పుట్ పని వార్త తెప్పించడం, సరిచూడడం. అవుట్‌పుట్ పని దాన్ని తెర మీదకు తేవడం. మామూలు రోజున ఈ రెండింటి మధ్య కాస్త గొడవ ఉంటుంది, "కన్ఫర్మ్ అయిందా?" అని అవుట్‌పుట్ అడుగుతుంది, "ఆగండి" అని ఇన్‌పుట్ అంటుంది. ఆ గొడవే ఛానల్‌ను కాపాడుతుంది. పోటీ రాత్రుల్లో అది మాయమైపోతుంది. పక్క ఛానల్లో స్క్రోలింగ్ వెళ్లిందంటే అదే 'సోర్స్' అయిపోతుంది. వాట్సాప్ గ్రూపులో వచ్చిన వాక్యం నిమిషాల్లో బ్రేకింగ్ ప్లేటు మీదకు ఎక్కుతుంది. సరిహద్దులో రిపోర్టర్‌ను, కెమెరామన్‌ను, లైవ్ ప్రసారాలు పంపే ఓబీ వ్యాన్‌ను ఉంచాలంటే డబ్బు ఖర్చవుతుంది. నలుగురిని స్టూడియోలో కూర్చోబెట్టి అరిపించడానికి పెద్దగా ఖర్చు లేదు. రేటింగ్ రెండోదానికే వస్తుంటే యాజమాన్యం మొదటిది ఎందుకు చేస్తుంది? 2020లో టీఆర్పీల తారుమారు ఆరోపణలు వచ్చినప్పుడు న్యూస్ ఛానళ్ల రేటింగులు ఆ అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా ఆపేశారు. ఆ కాలంలో కూడా తీరు మారలేదంటే జబ్బు రేటింగుల కంటే లోతుకు పోయిందని నా అనుమానం.

ఈ అబద్ధాలకు మనుషులు బలవుతారు. మే 7న పూంచ్‌లో పాకిస్తాన్ ఫిరంగి గుండ్లకు చనిపోయిన ఒక ఉపాధ్యాయుడిని కొన్ని ఛానళ్లు ఉగ్రవాదిగా చూపించాయి. జిల్లా పోలీసులు ఖండించాల్సి వచ్చింది. తర్వాత అక్కడి కోర్టు కేసు నమోదు చేయమని ఆదేశించింది. శత్రువు గుండుకు చనిపోయిన మన పౌరుడిని మన టీవీయే శత్రువును చేసింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, దేశభక్తి పేరుతో దీన్ని సమర్థించేవాళ్లకు జవాబుగా.

ఇప్పుడు దౌత్యం వైపు వద్దాం. ఆపరేషన్ సిందూర్ గురించి ప్రభుత్వం ప్రపంచానికి చెప్పిన మాటలు గమనించండి. ఎంచిన లక్ష్యాల మీదే, కొలిచినట్టు, ఉద్రిక్తత పెంచకుండా చేశాం అని చెప్పింది. ఆ భాష వెనక పెద్ద పని ఉంది. మనం కొట్టింది ఉగ్రవాద శిబిరాలను, పాకిస్తాన్ ప్రజలను కాదు అని ప్రతి రాజధానికీ నచ్చజెప్పాలి. తర్వాత ఆ పని మీదే ఏడు అఖిలపక్ష బృందాలు ముప్పైకి పైగా దేశాలకు వెళ్లాయి. మన రాష్ట్రం నుంచి పురందేశ్వరి, లావు శ్రీకృష్ణదేవరాయలు, హరీశ్ బాలయోగి వాటిలో ఉన్నారు. అధికార పక్షం, ప్రతిపక్షం ఒకే మాట మీద వెళ్లడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు, నాకు నిజంగా సంతోషమనిపించింది. కానీ ఢిల్లీలో ఉన్న ప్రతి విదేశీ రాయబార కార్యాలయంలోనూ మన ఛానళ్లు చూసేవాళ్లుంటారు. అధికారి "ఆచితూచి చేశాం" అంటాడు, తెర "నామరూపాల్లేకుండా చేశాం" అంటుంది. వినేవాడు ఎవరిని నమ్మాలి?

మే 10న కాల్పుల విరమణ అవగాహన కుదిరిందని ప్రకటించింది విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ. ఆయన చేసింది ప్రభుత్వ నిర్ణయాన్ని చదివి వినిపించడం. దానికి సోషల్ మీడియాలో ఆయనను ద్రోహి అన్నారు, ఆయన కూతురిని కూడా వదల్లేదు. ఆయన తన ఎక్స్ ఖాతాను లాక్ చేసుకోవాల్సి వచ్చింది. ఐఏఎస్, ఐపీఎస్ అధికారుల సంఘాలు ఆయనకు మద్దతుగా నిలిచాయి. ఇది ఎక్కడినుంచి వచ్చిందో చూడండి: రెండు రాత్రుల ముందు ఇస్లామాబాద్ మనదే అని విన్నవాడికి, శనివారం సాయంత్రం వచ్చిన విరమణ వార్త వెన్నుపోటులా వినిపిస్తుంది. లేని విజయాన్ని ముందుగా అమ్మేస్తే, ఉన్న విజయాన్ని కూడా ఓటమిలా చూపించాల్సి వస్తుంది. సివిల్స్ రాసి ఆ శాఖలోకే వెళ్లాలని మీకుంటే, ఈ సంఘటనను గుర్తుపెట్టుకోండి. రేపు ఆ కుర్చీలో మీరుండొచ్చు.

ఇది పాకిస్తాన్ ఒక్కదాని గొడవ అనుకోవద్దు. 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు మన వైమానిక దళం, ఎన్డీఆర్ఎఫ్ అందరికంటే ముందుగా వెళ్లినవాళ్లలో ఉన్నాయి. అంత సాయం చేశాక కూడా అక్కడి జనం "ఇండియన్ మీడియా, వెళ్లిపో" అని ట్విట్టర్‌లో ఉద్యమంలా రాశారు. శిథిలాల దగ్గర ఏడుస్తున్న మనిషి నోటి దగ్గర మైకు పెట్టి ఎలా ఉందని అడిగితే కోపం రాదా? 2020 జులైలో అక్కడి ప్రధాని గురించి మన ఛానల్లో వచ్చిన అసభ్యమైన కథనం తర్వాత, నేపాల్ కేబుల్ ఆపరేటర్లు దూరదర్శన్ తప్ప మన ప్రైవేటు న్యూస్ ఛానళ్లను ఆపేశారు. సరిహద్దు మ్యాపుల వివాదం అసలే నడుస్తున్న సమయమది. మన రాయబారికి అప్పుడు కావలసింది కాస్త ప్రశాంతత. దొరికింది టెన్షన్.

ఇక ఆటలు. మీ ప్రశ్నలో అసలు కీలకం ఇక్కడుంది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత ఏం జరిగిందో చాలామంది మర్చిపోయారు. ఢిల్లీలో షూటింగ్ ప్రపంచకప్ జరగాలి, పాకిస్తాన్ షూటర్లు ఇద్దరు రావాలి. వాళ్లకు వీసాలు రాలేదు. 40 మంది జవాన్లను పోగొట్టుకున్న వారం అది, ఏ ప్రభుత్వానికైనా కష్టమైన నిర్ణయమే. ఒలింపిక్ కమిటీ మాత్రం నియమం చూసింది. ఆ పోటీలో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ విభాగానికి ఉన్న ఒలింపిక్ కోటా స్థానాలను, అంటే అక్కడ గెలిచి ఒలింపిక్స్‌కు అర్హత పొందే అవకాశాన్ని, రద్దు చేసింది. భవిష్యత్తులో భారత్‌లో పోటీలు జరపడం గురించి మాటలే ఆపేసింది. అర్హత పొందిన క్రీడాకారులందరినీ రానిస్తామని రాతపూర్వక హామీ ఇస్తేనే మళ్లీ మాట్లాడతామంది. జూన్‌లో మన ప్రభుత్వం ఆ హామీ రాసిచ్చాకే తలుపు తెరుచుకుంది. అంతకు ముందు ఏడాది ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్‌కు రావలసిన కొసోవో బాక్సర్‌కు కూడా వీసా రాలేదు. మనం ఆ దేశాన్ని గుర్తించలేదు కాబట్టి.

2023 అక్టోబరులో ముంబైలో ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే ప్రధాని 2036 కోరికను బయటపెట్టారు. 2024 అక్టోబరు 1న ఆసక్తి తెలుపుతూ అధికారికంగా లేఖ వెళ్లింది. కాబట్టి 2019 నాటి హామీ ఇప్పుడు మన మెడలో ఉంది. దాన్ని ప్రభుత్వం బాగానే అర్థం చేసుకుందని నా అభిప్రాయం. 2025 ఆగస్టులో క్రీడా శాఖ ప్రకటించిన విధానం చూస్తే తెలుస్తుంది. పాకిస్తాన్‌తో ద్వైపాక్షిక ఆటలు వద్దు, పలు దేశాలు ఆడే టోర్నీలకు మాత్రం అంతర్జాతీయ నియమాలు పాటిస్తాం అన్నారు. భారత్ నమ్మదగిన వేదికగా ఎదగాలన్న మాట కూడా అందులో ఉంది. ఇది సరైన గీత అనే నేను అనుకుంటున్నాను.

క్రికెట్‌లో ఇప్పటిదాకా మనకు తప్పించుకునే దారి ఉంది. తటస్థ వేదిక. 2025 మహిళల ప్రపంచకప్ మన విశాఖలో కూడా జరిగింది, అక్టోబరు 12న ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి మనల్ని ఓడించింది ఇక్కడే. ఆ టోర్నీకి మనమే ఆతిథ్యం ఇచ్చినా పాకిస్తాన్ మ్యాచ్‌లన్నీ కొలంబోలో పెట్టారు. ఒలింపిక్స్‌కు ఆ వీలు లేదు. ఒక దేశం జట్టును మాత్రం కొలంబోలో దింపి మిగతావాళ్లను అహ్మదాబాద్‌లో ఆడించలేరు కదా. అంతకంటే ముందే పరీక్ష వస్తుంది: 2030 కామన్వెల్త్ క్రీడలు 2025 నవంబరులో అహ్మదాబాద్‌కు దక్కాయి. పాకిస్తాన్ కామన్వెల్త్ సభ్య దేశం. ఆ జెండా పట్టుకుని ఆటగాళ్లు ప్రారంభోత్సవంలో నడుస్తారు. ఆ రోజు స్టేడియంలో జనం ఎలా ఉంటారన్నది, ఆ ముందు నెల రోజులు టీవీల్లో ఏం నడిచిందన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. ఒలింపిక్ కమిటీ వాళ్లు అప్పుడు గ్యాలరీలనూ చూస్తారు.

అది అసాధ్యమేమీ కాదు. ఈ ఊరే సాక్ష్యం. 2005 ఏప్రిల్ 5న పీఎం పాలెం స్టేడియంలో జరిగిన మొదటి అంతర్జాతీయ వన్డే ఎవరితో? పాకిస్తాన్‌తోనే. ధోని 123 బంతుల్లో 148 కొట్టిన రోజు. పొడుగు జుట్టు కుర్రాడు ఎవడీడు అని ఊరంతా అడిగిన రోజు. మరుసటి రోజే శ్రీనగర్‌లో, పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోని ముజఫరాబాద్‌కు వెళ్లే బస్సు ఎక్కాల్సిన ప్రయాణికులు ఉన్న టూరిస్ట్ సెంటర్ మీద ఉగ్రవాదులు దాడి చేశారు. అయినా ఏప్రిల్ 7న ఆ బస్సు కదిలింది, సిరీస్ ఆగలేదు, చివరి వన్డేకి ముషారఫ్ ఢిల్లీ వచ్చి చూశారు. ఆ తర్వాత 2008లో ముంబై దాడి అన్నింటినీ మార్చేసింది, ఆ మార్పుకు కారణం మనం కాదు. 2005ను తిరిగి తెమ్మని నేను అనడం లేదు. విశాఖ జనం ప్రత్యర్థి జట్టుకు మర్యాద ఇచ్చి, గెలిచి, ఆనందంగా ఇంటికి వెళ్లగలరని మాత్రం చెబుతున్నాను.

మీరడిగిన కరచాలనం సంగతి. 2025 ఆసియా కప్‌లో మనవాళ్లు పాకిస్తాన్‌తో చేతులు కలపలేదు. ఫైనల్లో మన తిలక్ వర్మ 69 నాటౌట్‌తో గెలిపించాక, ఆసియా క్రికెట్ మండలి అధ్యక్షుడు నఖ్వీ చేతుల మీదుగా కప్పు తీసుకోలేదు. ఆయన పాకిస్తాన్ బోర్డు అధ్యక్షుడు, ఆ దేశ హోంమంత్రి కూడా. ఒకే మనిషి దగ్గర ఈ మూడు పదవులూ ఉండటం అసలు తప్పు, ఆయన చేతి నుంచి తీసుకోకపోవడాన్ని నేను అర్థం చేసుకోగలను. కరచాలనం విషయంలో నా అభిప్రాయం వేరు. ఆడకూడదనుకుంటే ఆడకుండా ఉండాలి, ఆ నిర్ణయానికి గౌరవం ఉంది. ఆడాలని ప్రభుత్వం, బోర్డు నిర్ణయించాక, ఇరవై రెండేళ్ల కుర్రాడిని మైదానంలో దౌత్యవేత్తను చేయకూడదు. టికెట్లు అమ్మి, ప్రసార హక్కుల డబ్బు తీసుకుని, ఆట అయిపోయాక చేయి ఇవ్వకపోవడం దగ్గర మన నిరసన చూపించడం నాకు సబబుగా అనిపించలేదు. దీన్ని ఒప్పుకోని మిత్రులు చాలామంది ఉన్నారు. వాళ్ల బాధ నిజమైనదే.

ఆటగాడి మీద ఈ భారం ఎంత అన్యాయంగా పడుతుందో నీరజ్ చోప్రాను చూస్తే తెలుస్తుంది. టోక్యోలో స్వర్ణం గెలిచాక, ఫైనల్‌కు ముందు తన జావెలిన్ పాకిస్తాన్ అథ్లెట్ అర్షద్ నదీమ్ దగ్గర ఉందని ఒక ఇంటర్వ్యూలో మామూలుగా చెప్పాడు. మన మీడియా దాన్ని కుట్రను చేసింది. జావెలిన్‌లు అందరూ వాడుకోవచ్చు, నా మాటలను మీ ప్రచారానికి వాడుకోకండి అని అతనే వీడియో పెట్టాల్సి వచ్చింది. పారిస్‌లో నదీమ్ 92.97 మీటర్లు విసిరి స్వర్ణం, నీరజ్ 89.45తో రజతం. నదీమ్ కూడా మా బిడ్డ లాంటివాడే అంది నీరజ్ తల్లి. 2025లో బెంగళూరులో తన పేరిట జరిగే పోటీకి నీరజ్ నదీమ్‌ను ఆహ్వానించాడు. పహల్గాం దాడికి ముందు పంపిన ఆహ్వానమది. అయినా దాడి తర్వాత అతన్ని, అతని కుటుంబాన్ని తిట్టారు. రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చినవాడు తన దేశభక్తిని వివరిస్తూ ప్రకటన రాసుకోవాల్సి వచ్చింది. ఒలింపిక్స్ జరపాలనుకునే దేశం తన ఉత్తమ ఒలింపియన్‌తో ప్రవర్తించే తీరు ఇది కాకూడదు.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి విషయం ఇక్కడ చెప్పాలి. సెక్యూరిటీ గార్డు కూతురు. 100 మీటర్ల హర్డిల్స్‌లో 12.78 సెకన్ల జాతీయ రికార్డు, రెండుసార్లు ఆసియా చాంపియన్. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్లో చైనా అమ్మాయి ముందే కదిలింది, పక్క లేన్‌లో ఉన్న జ్యోతి కూడా కదిలిందని ఇద్దరినీ పోటీ నుంచి తప్పించబోయారు. స్టేడియం నిండా చైనా ప్రేక్షకులు. జ్యోతి ట్రాక్ మీదే నిలబడి, వీడియో చూడండి అని అధికారులతో వాదించింది. చివరకు ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, తర్వాత చైనా అమ్మాయిని అనర్హురాలిని చేసి జ్యోతికి రజతం ఇచ్చారు. అరుపు లేదు, శాపనార్థాలు లేవు. నియమం పట్టుకుని, సాక్ష్యం చూపించి, పరాయి గడ్డ మీద గెలిచింది. మంచి దౌత్యవేత్త చేసేదీ అదే. ఈ కథను మన ఛానళ్లు పూర్తిగా చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లలో ఆడపిల్లలు హర్డిల్స్ గురించి అడిగేవాళ్లో!

బిడ్‌కు మిగతా అడ్డంకులు కూడా ఉన్నాయి, వాటిని టీవీ మీద తోయలేం. పారిస్‌లో మనకు వచ్చినవి 6 పతకాలు, స్వర్ణం లేదు. డోపింగ్ పరీక్షల్లో దొరికిపోయేవాళ్ల జాబితాల్లో మన దేశం పైనే ఉంటోంది. 2012లో ఒలింపిక్ కమిటీ మన ఒలింపిక్ సంఘాన్ని సస్పెండ్ చేసింది, 2014 సోచి ప్రారంభోత్సవంలో మనవాళ్లు త్రివర్ణ పతాకం లేకుండా నడవాల్సి వచ్చింది. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. అది ఎలా అమలవుతుందో చూడాలి. ఇక్కడే న్యూస్ ఛానళ్లు నిజంగా పనికొస్తాయి: ఫెడరేషన్ల లెక్కలు అడగడం, కోచ్‌లు పిల్లలకు ఏం మందులు ఇస్తున్నారో తవ్వడం, 2036లో పరుగెత్తబోయే పదేళ్ల పిల్లకు మన ఊళ్లో మంచి ట్రాక్ ఉందా లేదా చూపించడం. ఆ పని చేయడానికి డిబేట్ ప్యానెల్ సరిపోదు, రిపోర్టర్ కావాలి.

చివరగా, మామూలు మనిషి ఏం చేయగలడన్నది. చట్టం లేదనుకోకండి. ఉగ్రవాద నిరోధక ఆపరేషన్లను లైవ్‌లో చూపించకూడదని, అధికారి ఇచ్చే బ్రీఫింగ్‌కే పరిమితం కావాలని కేబుల్ టీవీ నియమాలు చెబుతున్నాయి. 2008 ముంబై దాడుల లైవ్ ప్రసారాలను 2012లో కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో ప్రభుత్వం అవే నియమాలను గుర్తుచేస్తూ సూచనలు పంపింది, ప్రోగ్రాముల్లో సైరన్ శబ్దాలు వాడొద్దని కూడా చెప్పాల్సి వచ్చింది. అసలు కొరత శిక్షలో ఉంది. ఛానళ్లు తమకు తాముగా పెట్టుకున్న ఎన్‌బీడీఎస్ఏ అనే సంస్థ వేయగలిగిన గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. అది ఏమాత్రం సరిపోదని 2023లో సుప్రీంకోర్టే వ్యాఖ్యానించింది. పైగా అన్ని ఛానళ్లూ ఆ సంస్థలో సభ్యులు కావు.

అయినా ఫిర్యాదు రాయండి. రాతపూర్వక ఫిర్యాదు వస్తే ఛానల్లో ఎవరో ఒకరు కూర్చుని జవాబు తయారుచేయాలి, ఫుటేజీ తీయాలి, డెస్క్‌ను అడగాలి. ఆ అసౌకర్యం పనిచేస్తుంది. లోపల ఉండి చూసినవాడిగా చెబుతున్నాను. 2020 మేలో ఆర్.ఆర్.వెంకటాపురం గ్యాస్ లీకేజీ సమయంలో రోడ్డు మీద కుప్పకూలుతున్న మనుషుల విజువల్స్‌ను రోజంతా తిప్పి తిప్పి చూపించారు. ఆ కుటుంబాలు చూస్తాయన్న ఆలోచన లేదు. అప్పుడు ఊళ్లో అందరూ కోప్పడ్డారు, కాగితం మీద పెట్టినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

ఛానల్ పేరు, తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసుకోండి. వీలైతే ఆ భాగం రికార్డు చేసి పెట్టుకోండి. "మీ ఛానల్ దారుణం" అని రాస్తే పక్కన పడేస్తారు; "ఈ నిమిషంలో ఈ వాక్యం చెప్పారు, ఇది తప్పు, ఇదిగో అధికారిక ప్రకటన" అని రాయండి. ప్రసారమైన 7 రోజుల లోపే ముందు ఛానల్ ఫిర్యాదుల అధికారికి పంపాలి, చిరునామా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. 2021 నియమాల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పింది నచ్చకపోయినా మరో 15 రోజుల్లో ఆ ఛానల్ సభ్యురాలిగా ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లొచ్చు. ఆ పైన కేంద్ర సమాచార ప్రసార శాఖ ఉంది. న్యాయవాది అక్కర్లేదు. మొదటిసారి రాసేటప్పుడు సందేహాలు వస్తాయి. ముసాయిదా తయారుచేసి నాకు పంపండి, చూసి ఎక్కడ సరిచేయాలో చెబుతాను.